ఉప్పు తలుపు

మనిషి మొహం మారుతుంది గానీ చెయ్యి మారదు. ఆయనకి పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది, మీసం పోయి కళ్ళద్దాలు వచ్చాయి. అయినా తలుపు తీసి, "రండమ్మా, పాపని ఈ బల్ల మీద పడుకోబెట్టండి" అంటూ చెయ్యి చాపగానే అమ్మమ్మకి తెలిసిపోయింది. ఏడున్నర సైజు చెయ్యి. వెడల్పాటి అరచెయ్యి, ఉండాల్సిన దానికంటే పావంగుళం పొట్టి బొటనవేలు. చేతితొడుగుల కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఆమె. అందరూ మొహాలు గుర్తుపెట్టుకున్నట్టు ఆమె చేతులు గుర్తుపెట్టుకుంటుంది. ఈ చేతిని ఎన్ని దుకాణాల్లో, ఎన్ని గుంపుల్లో వెతికిందో లెక్కలేదు. పాత ఆస్పత్రికి వెళ్ళి అడిగితే ఉద్యోగం మానేసి ఎటో పోయాడన్నారు. ఇవాళ మనవరాలి చెమట పరీక్ష కోసమని ఈ ఆస్పత్రికి వస్తే, రెండో అంతస్తులో, తెల్ల పలకల గదిలో, వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఆమె పాప ముఖానికి ఎండ తగలకుండా కిటికీ తెర లాగి, మూలనున్న కుర్చీలో కూర్చుంది.

కూతురు గుర్తుపట్టలేదు. పన్నెండేళ్ళ కిందట ఆయన్ని చూసినప్పుడు అది ఇరవై రెండేళ్ళ పిల్ల. ఐదు నెలల కొడుకుని, చిన్నోణ్ణి, ఒళ్ళో పెట్టుకుని వాడి మొహం తప్ప లోకం చూడలేదు. ఇప్పుడూ అంతే, పాప గుండెల మీద అరచెయ్యి వేసి, ఊపిరి లెక్కపెడుతున్నట్టు వంగి నిలబడింది. చిన్నోడు పోయాక ఇంకో బిడ్డ వద్దే వద్దంది, ఎనిమిదేళ్ళు అదే మాట మీద ఉంది, ఉండి ఉండి ఇప్పుడు ఈ ఏడు వారాల గుప్పెడంత ప్రాణం. ఆయన పాప కుడి ముంజేతి మీద రెండు మెత్తటి బిళ్ళలు పెట్టి పట్టీ కట్టాడు, ఒకదానికి ఎర్ర తీగ, ఒకదానికి నల్ల తీగ. చిన్న కరెంటే, చీమ నడిచినట్టుంటుంది, మందుని చర్మంలోకి తోసి అక్కడ చెమట పట్టిస్తుంది, భయం లేదు అని చెబుతున్నాడు. ఐదు నిమిషాలయ్యాక బిళ్ళలు తీసి, తుడిచి, ఆరనిచ్చి, అదే చోట కోటు బొత్తామంత బిళ్ళ ఒకటి బిగించాడు. దాన్లో వెంట్రుకంత గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంది. చెమట ఎక్కే కొద్దీ నీలం దారంలా కనబడుతుంది. అరగంట ఆగాలి. ఆ చెమటలో ఉప్పు ఎంతుందో పెట్టె చెబుతుంది. అంకె ముప్పై లోపు వస్తే పాపకి ఏమీ లేనట్టు. అరవై దాటితే చిన్నోడికి వచ్చిందే దీనికీ వచ్చినట్టు. మధ్యలో వస్తే మళ్ళీ తిరుగుడు. ఇవన్నీ ఆ తల్లీకూతుళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

చిన్నోణ్ణి ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉండేవాడు. మొదట్లో అమ్మమ్మ నవ్వింది, సముద్రంలో పుట్టావురా నువ్వు అంది. రెండో నెలలో నవ్వు ఆగింది. స్నానం చేయించి తుడిచిన పావుగంటకే నుదురు ఉప్పన, చెవి వెనకాల ఉప్పన, తలగడ గుడ్డ ఉతక్కపోతే అంచున తెల్లటి చార. డాక్టరుకి చెబితే, పెద్దమ్మా మీరు పిల్లాణ్ణి పెంచుతున్నారా వండుతున్నారా అన్నాడు, గదిలో ఉన్న నర్సులు నవ్వారు. అయినా ఆమె పట్టు వదలకపోతే చీటీ రాసి పరీక్షకి పంపాడు. అప్పుడూ ఇలాంటి గదే, ఇలాంటి పెట్టే, ఇదే చెయ్యి. చలికాలం, పిల్లాడు బక్కవాడు, చెమట సరిగా పట్టలేదు. ఆయన నీలం దారాన్ని వెలుగుకి పెట్టి చూశాడు, నాలిక చప్పరించాడు, సన్నటి సూదితో ఆ కాస్తా చిన్న గిన్నెలోకి లాగాడు. తర్వాత అదే సూదిని పక్కనున్న నీలం మూత సీసాలో ముంచి, గిన్నెలో చుక్క వేశాడు. ఆగి ఇంకో చుక్క. ఆవగింజలంత చుక్కలు. ఆమె పక్కనే నిలబడి చూసింది. మందు కాబోలు అనుకుంది. సీసా మీద ఏదో రాసి ఉంది, రాసి ఉంటే ఆమెకేం, అప్పటికి ఆమెకి అక్షరం ముక్క రాదు. పెట్టె ఇరవై తొమ్మిది అంది. ఆయన నవ్వి, "ఏం లేదమ్మా, నిక్షేపంలా ఉన్నాడు" అన్నాడు. ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది.

ఇరవై తొమ్మిది. ఆ అంకె నాలుగేళ్ళు ఇంట్లో పెద్దకొడుకులా తిరిగింది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా కాగితం చూసి, అది కాదులెండి, పరీక్ష బాగుంది అనేవాడు. దగ్గంటే ఉబ్బసం అన్నారు. ఎంత తిన్నా ఒంటబట్టక, నూనె తేలే విరేచనాలవుతుంటే, తల్లికి పెట్టడం రాదన్నారు. ఆ మాట వియ్యపురాలు అంది, డాక్టరూ అన్నాడు, చివరికి కూతురు తనని తానే అనుకోవడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళప్పుడు ఒక పెద్దాస్పత్రిలో ఒకావిడ, పొట్టిగా, విసుగ్గా ఉండే డాక్టరమ్మ, వాడి నుదురు వేలితో తుడిచి ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది. కాగితం చూడలేదు. మళ్ళీ చేయించింది. నూట పన్నెండు. అప్పటికి ఊపిరితిత్తులు నిండిపోయాయి. రెండు నెలలు. నాలుగేళ్ళ రెండు నెలల పిల్లాడు ఎంత బరువుంటాడో లోకానికి తెలుసు, చిన్నోడు అందులో సగం. చేతుల మీద మోసుకుపోతుంటే బరువు లేకపోవడమే బరువైంది.

డాక్టరమ్మ ఇచ్చిన చిన్న పుస్తకాన్ని కూతురు బట్టల బీరువాలో అట్టడుక్కి తోసేసింది. అమ్మమ్మ దాన్ని తీసుకుంది. యాభై ఆరేళ్ళ వయసులో, కార్ఖానా పక్క గ్రంథాలయంలో సాయంత్రాలు చదువు చెప్పే పంతులమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు సంతకం కోసం వచ్చారు, ఆమె ఆ పుస్తకం కోసం వెళ్ళింది. రెండేళ్ళు పట్టింది. వేలు పెట్టి ఒక్కో వరసా నడిపించుకుంటూ చదివింది. మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వు గోడ ఉంటుందట. ఉప్పు రేణువు దాన్ని దాటలేదు, దాటాలంటే గోడలో తలుపు ఉండాలి, ఒక్కో రకం రేణువుకి ఒక్కో రకం తలుపు. చిన్నోడికి లేనిది ఒక్క రకం. పద్నాలుగు వందల ఎనభై పూసలు వరసగా గుచ్చిన దండ అది, మడతలు పడి, గోడలో నిలబడి, నడుమ సన్నటి దారి వదులుతుంది. ఊరికే తెరుచుకోదు, దానికీ ఓ పద్ధతుంది. అడ్డంగా వేలాడే తోక ఒకటుంటుంది, లోపలి నుంచి కణం దానికి చిన్న చిన్న గుర్తులు తగిలిస్తే అది పక్కకి తప్పుకుంటుంది. అప్పుడు లోపలి వైపున్న రెండు పిడికిళ్ళు బలం పుంజుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తలుపు తెరుచుకుంటుంది. ఆ బలం ఖర్చవగానే విడిపోతాయి, తలుపు మూసుకుంటుంది. చెమట గొట్టంలో ఉప్పుని ఒంట్లోకి వెనక్కి లాగేది ఆ తలుపే. అది లేకపోతే ఉప్పు చర్మం మీదే మిగిలి ముద్దు పెట్టేవాళ్ళ పెదాలకి తగులుతుంది. ఊపిరితిత్తుల్లో లేకపోతే జిగురు బంకలా గట్టిపడి గాలికి దారివ్వదు.

చిన్నోడి దండలో ఐదొందల ఎనిమిదో పూస లేదు. ఒక్కటే. దానికే మడత కుదరలేదు. అయినా తలుపు తయారయ్యేదట, గోడ దాకా చేరి ఉంటే ఎంతో కొంత పని చేసేదట కూడా. చేరనివ్వరు. కణంలో తనిఖీ ఉంది. మడత తేడాగా ఉన్న సరుకుని మధ్యలోనే పట్టుకుని, గోడ దాకా పోనివ్వకుండా, ముక్కలు చేసి పారేస్తుంది. ఆ పేజీ దగ్గర ఆమె పుస్తకం మూసింది. బొటనవేలి దగ్గర ఒక్క కుట్టు తప్పితే చాలు, తొడుగు తీసి పక్క బుట్టలో పడేసేది తను, ముప్పై ఒక్క ఏళ్ళు. ఇంత చిన్న తప్పుకి పారేస్తావేంటక్కా, వేసుకునేవాడికి తెలుస్తుందా అని కుట్టేవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. మంటల దగ్గర పనిచేసేవాళ్ళ తొడుగులు అవి, ఎందుకు తెలియదు. కాబట్టి కణంలోని ఆ తనిఖీ మీద ఆమెకి కోపం రాలేదు. దాని పని అది నిజాయితీగా చేసింది. కంటికి కనబడని దానికున్న నీతి, జీతం తీసుకుని తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న ఈ మనిషికి లేకపోయింది. చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో ఇంకో మాట ఉంది. తీసిన చెమట తక్కువైతే పరీక్ష పనికిరాదు, నీళ్ళు కలిపి కొలిస్తే ఉప్పు పలచబడి అంకె తగ్గుతుంది. ఆమె ఆ వరస మూడుసార్లు చదివింది. నీలం మూత సీసా కళ్ళ ముందుకొచ్చింది. ఆవేళ నుంచి ఆయనకి ఆమె లోపల ఒక పేరుంది, చుక్కలాయన. కూతురికి చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యను, మానిన చోట సూది గుచ్చడం తప్ప. తన కడుపులోనే పెట్టుకుంది, రోజూ కాస్త కాస్త మేపుతూ వచ్చింది.

"అమ్మా, అలా చూడకే, ఆయన బెదిరిపోతారు" అంది కూతురు.

"మీ అమ్మగారు నన్నే పరీక్ష చేస్తున్నట్టున్నారు" అన్నాడు చుక్కలాయన నవ్వుతూ.

"మా అమ్మ తనిఖీ మనిషి లెండి. మా ఆయన మొదటిసారి ఇంటికొస్తే మొహం చూడలేదు, చొక్కా కుట్లు చూసింది."

"పాసయ్యారా?"

"కాలరు దగ్గర ఫెయిలు."

ఇద్దరూ నవ్వారు. కూతురు నవ్వడం చూసి ఆమెకి ఒళ్ళు మండింది. నవ్వించాడు. ఈ చేత్తో ఆ పని చేసి, ఈ నోటితో దాన్ని నవ్వించాడు. మనసులో ఎన్ని రకాలుగా ఈయన్ని శిక్షించిందో తలుచుకుంటే ఆమెకే ఆశ్చర్యం. నడవాలో జుట్టు పట్టుకుని ఈడ్చింది. పెద్ద డాక్టరు ముందు నిలబెట్టి ఉమ్మింది. ఆ వేళ్ళు ఒక్కొక్కటీ మొద్దుబారిపోవాలని, అన్నం కలుపుకోవడానికి ఇంకొకర్ని పిలుచుకోవాలని కోరుకుంది. ఆయనకీ ఓ మనవడు ఉండాలని, వాడు దగ్గుతుంటే ఈయన గోడ అవతల కూర్చుని వినాలని కోరుకున్న రోజులూ ఉన్నాయి, ఆ రోజుల్లో తన మొహం తను అద్దంలో చూసుకునేది కాదు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే అంటారు. ఎక్కడ తాగుతున్నాడు, పచ్చగా, నునుపుగా, కొత్త కళ్ళద్దాలతో ఉన్నాడు. ఇప్పుడు లేచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. అంటే ఆ చెయ్యి వణుకుతుంది, వణికే చెయ్యి పాప చెమట తియ్యాలి. ఈ చుట్టుపక్కల ఈ పరీక్ష బాగా తెలిసిన చేతులు ఈ రెండే అని పాపకి చీటీ రాసిన డాక్టరు చెప్పాడు. కొట్టాలనుకున్న చేతికే బిడ్డని అప్పజెప్పి కూర్చుంది. కలపరా, అనుకుంది లోపల. ఈసారి కలుపు. నా కళ్ళెదురుగా కలుపు. సీసా మీద ఏం రాసుందో ఇప్పుడు నేను చదవగలను, ఆ మణికట్టు గాల్లో ఉండగా పట్టుకుంటాను.

అరగంట అయింది. ఆయన బిళ్ళ విప్పి వెలుగుకి పెట్టి చూశాడు. నాలిక చప్పరించాడు. అదే చప్పుడు. ఆమె కుర్చీ అంచుకి జరిగింది. బల్ల మీద సీసా ఉంది, మూత మాత్రం తెల్లది, మీదున్న పేరు ఇప్పుడు చదివింది, శుద్ధ జలం. ఆయన చెయ్యి సీసా వైపు వెళ్ళింది. సీసా దాటి చెత్తబుట్ట మీదికి వెళ్ళి బిళ్ళని అందులో పడేసింది.

"చాలలేదమ్మా. ఎడమ చేతికి మళ్ళీ పెడతాను."

"అయ్యో, ఇంకో అరగంటా?" అంది కూతురు. "ఆ ఉన్నదాంతో చూడలేరా?"

"కుదరదు. కొంతమంది చుక్క నీళ్ళు కలిపి అయిందనిపించేస్తారు. నేను చచ్చినా ఒప్పుకోను. మా కుర్రాళ్ళకి కూడా మొదటి రోజే చెబుతాను, చాలకపోతే చాలలేదని రాయండి, అంతే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా. ఈ దొంగ తడుముకోలేదు సరికదా, ఊళ్ళో దొంగతనాలు పెరిగాయని నీతులు చెబుతున్నాడు. ఎడమ చేతికి ఎర్ర తీగ, నల్ల తీగ. పాప ఏడిచింది, పాలు తాగింది, నిద్రపోయింది. ఈ మనిషి నేర్చుకున్నాడు. ఎక్కడో ఒకచోట, ఎవరో తిట్టి నేర్పితేనో, తనకే బుద్ధి వచ్చో నేర్చుకున్నాడు, అందరూ నేర్చుకుంటారు, తనూ మొదటేడు ఎన్ని తొడుగులు చూడకుండా వదిలేసిందో. కానీ ఈయన ఎవరి మీద నేర్చుకున్నాడు? ఇవాళ నా మనవరాలికి దక్కిన ఈ శ్రద్ధ కొనడానికి ఎవడు పోయాడు? తప్పు చేస్తూ దొరికితే బావుండేది. మంచివాడై దొరకడం, ఇంత జాగ్రత్తగా, ఇంత ఓపిగ్గా దొరకడం, చేసిన దానికంటే పెద్ద అన్యాయంలా ఉంది. నీలం దారం మొదటి చుట్ట దాటింది. పాకుతోంది. అంకె ఎక్కువ రావాలి అనుకుంది ఆమె. తొంభై రావాలి. నూరు దాటాలి. అప్పుడు లేచి, చూశావా, అప్పుడూ ఇంతే ఉంది, నువ్వు ముంచేశావు అని ఆయన మొహాన కొట్టినట్టు చెప్పాలి, నేను పెంచుతున్నానా వండుతున్నానా అన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాలి. రెండో చుట్ట దాటింది. పాప నిద్రలో పెదాలు చప్పరించింది, లేని రొమ్ముని తాగుతూ. అప్పుడు తెలిసింది ఆమెకి, తను ఇంతసేపూ ఏం కోరుకుంటోందో.

పగ అనే దాన్ని ఇన్నేళ్ళు మేపితే అది చివరికి దీన్నడిగింది, ఏడు వారాల పిల్లని. ఇస్తానని తను తల కూడా ఊపింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద ఒకతను నిచ్చెన మోసుకుపోతున్నాడు, ఒకావిడ చెప్పు తెగితే ఒంటికాలి మీద నిలబడింది, ఎవరి పని వాళ్ళది. తగ్గాలి అనుకుంది, తగ్గాలి, ఎంత తక్కువైతే అంత. ఎవరికి చెప్పుకుంటోందో తెలియదు, ఆ కొవ్వు గోడలకే కాబోలు, ఆ పిడికిళ్ళకే. పట్టుకోండమ్మా ఒకదాన్నొకటి. తెరవండి. మీకు దణ్ణం పెడతాను. తగ్గితే ఇంకొకటుంది, అది కూడా తోచింది, తోచకుండా ఎలా ఉంటుంది. పాపకి జబ్బుంటే ఏడాదికి నాలుగుసార్లు ఈ గదికి రావాలి, మందు పనిచేస్తోందో లేదో ఈ చేతులే కొలవాలి, తను నోరు మూసుకుని కూర్చోవాలి. లేకపోతే ఈ చేతులతో ఇక పని లేదు, నోరు తెరవొచ్చు.

"ఈసారి చక్కగా నిండింది" అన్నాడాయన వెనక నుంచి. సూదితో లాగితే చప్పుడు రాదు, గిన్నె పెట్టిన చప్పుడు వచ్చింది. సీసా మూత తీసిన చప్పుడు రాలేదు. పెట్టె కూసింది.

"పదిహేడు."

కూతురు వినబడనట్టు నిలబడింది. ఆయన మళ్ళీ చెప్పాడు. "పదిహేడమ్మా. ఏమీ లేదు." కూతురు బల్ల అంచు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది, పన్నెండేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చింది. అమ్మమ్మ దాన్ని లేపింది, పాపని గుడ్డలో చుట్టి ఇచ్చింది, జుట్టు సర్ది మొహం తుడిచింది.

"మీ ఆయనకి ఫోన్ చెయ్యి. కింద గాలి బావుంటుంది, అక్కడ కూర్చో. కాగితం నేను తీసుకొస్తాను."

"నువ్వూ రా అమ్మా."

"వస్తాను పదవే. చదువు నేర్చుకున్నాను కదా, కాగితం చదివి తీసుకోవద్దూ?"

కూతురి అడుగులు మెట్ల దాకా వినబడ్డాయి. ఆమె తలుపు మూసి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"బాబూ, నీళ్ళు కలపకూడదని మీకు ఎప్పుడు తెలిసింది?"

ఆయన రాస్తున్నవాడు తలెత్తాడు. "అదేంటమ్మా?"

"పన్నెండేళ్ళ కిందట మీకు తెలీదు. పాత ఆస్పత్రి. చలికాలం. ఐదు నెలల పిల్లాడు, ఇరవై తొమ్మిది." మూసిన తలుపు వైపు చూసి మళ్ళీ చెప్పింది. "వాడికి నాలుగేళ్ళ రెండు నెలలు వచ్చేదాకా అందరూ ఆ అంకెనే నమ్మారు. ఇప్పుడు కిందికి వెళ్ళింది వాడి తల్లి."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. గుర్తులేదంటాడని ఆమె అనుకుంది, దానికి జవాబు ఎన్నో ఏళ్ళుగా సిద్ధంగా పెట్టుకుంది. ఆయన ఆ మాట అనలేదు. చేతులకేసి చూసుకున్నాడు.

"మీరు ముదురాకుపచ్చ శాలువా కప్పుకున్నారు" అన్నాడు. "చాలదు, రేపు రండి అన్నాను నేను. మీరే... ఆఖరి బస్సు పోతుంది బాబూ, రేపు రాలేము, ఎలాగో కానిచ్చెయ్యి, నీకు పుణ్యం ఉంటుంది అన్నారు."

పన్నెండేళ్ళుగా ఆమె ఆ రోజుని ఎన్ని వేలసార్లు తిప్పి చూసిందో, ప్రతిసారీ సూది సీసాలో మునిగే దగ్గరే మొదలుపెట్టింది. దానికి ముందున్నది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, తనకి కూడా. ఎవరి గొంతో అన్నట్టు విన్నది ఆ మాటల్ని, ఆ బతిమాలే గొంతుని, తనదే. లేచి వెళ్ళిపోవచ్చు. ఆయన కూడా అదే కోరుకుంటున్నట్టు తలుపు వైపు చూశాడు, ఇద్దరికీ సరిపోయింది కదా అన్నట్టు.

ఆమె బల్ల మీద కాగితాల దొంతరలోంచి తెల్ల కాగితం ఒకటి లాగి ఆయన ముందు పెట్టింది. పెన్ను చేతిలో పెట్టింది.

"అన్నాను" అంది. "నేను తనిఖీ మనిషిని, మేస్త్రీ వచ్చి తొందరగా వదిలెయ్యమంటే ఏనాడూ వదల్లేదు. మీరు వదిలేశారు. రాయండి."

"ఏం రాయమంటారమ్మా?"

"జరిగింది జరిగినట్టు రాయండి, నా కూతురికి ఇవ్వడానికి. ముందు మీ చుక్కలు. తర్వాత నా బస్సు."